వివిధ బాధ్యతలలో లేయమ్మ

సుభిక్ష బ్యాంకు నా భార్య లేయమ్మకు పద్నాలుగు వేల రెండు వందల రూపాయలు బాకీ ఉంది. ఇందులో వాదనకు ఏమీ లేదు. బ్యాంకు కూడా కాదనదు. బాకీ ఉన్న మాట నిజమే గాని, అది ఎవరికో తనకు తెలియదంటుంది. నేను చెబుతానంటే చెప్పకూడదంటుంది.

నేను ఆకును వేడికి ఆరబెట్టే పొగాకు బ్యారన్ల దగ్గర ముప్పై ఏళ్ళు మంట వేశాను. లేయమ్మ కర్రలకు ఆకు కట్టింది. ఇద్దరి కూలీ ఇంట్లోకే పోయేది. ప్రతి సీజనులో చివరి వారం కూలి మాత్రం ఆమె ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. తీసుకెళ్ళి బ్యాంకులో వేసేది. ఎందుకని అడిగితే "నా రాయికి" అనేది.

ఆ రాయి సంగతి చెప్పాలి. మా చర్చి సంఘానికి ఉన్న సమాధుల దొడ్డి ముప్పై సెంట్లు. చోటు చాలక సంఘం ఒక తీర్మానం చేసింది. పూడ్చిన రెండేళ్ళలోగా పైన రాయి పడితే ఆ చోటు ఆ మనిషిది. పడకపోతే మట్టి చదును చేసి ఇంకొకరికి ఇస్తారు.

"రాయి నేను వేయిస్తాలే," అన్నాను ఒకసారి.

"నువ్వు వేయిస్తే యాకోబు భార్య అని చెక్కిస్తావు. బతికినన్నాళ్ళూ అదే గదా. సచ్చినాక కూడానా? నాకొద్దు. లేయమ్మ అని ఉండాల. కింద సొంత డబ్బుతో అని ఉండాల."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. ఏప్రిల్ పంతొమ్మిదిన చనిపోయింది.

నా దగ్గర ఆ మాత్రం డబ్బు లేక కాదు. ఆమె అడిగింది ఆమె డబ్బుతో. అందుకని ఏడాది ఎనిమిది నెలలు పోయాక, ఇంక నాలుగు నెలలే ఉందనగా, పాస్‌బుక్కు జేబులో పెట్టుకుని బ్యాంకుకు వెళ్ళాను. అంతకుముందే ఎందుకు వెళ్ళలేదంటే, వెళ్ళలేదు.

ఆమె డబ్బు వేసింది మా ఊరి చిన్న బ్యాంకులో. దాన్ని అప్పటికి మూడేళ్ళ కిందట సుభిక్ష బ్యాంకు కలిపేసుకుంది. పాత ఖాతాలను కొత్త కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు అందులో మొబైలు నంబరుకు ఒక గడి వచ్చింది. ఆ గడి నింపకపోతే కంప్యూటరు ఖాతాను లోపలికి రానివ్వదు. మా చుట్టుపక్కల మూడు వందల పన్నెండు మందికి మొబైళ్ళు లేవు. ఆ మూడు వందల పన్నెండు ఖాతాల డబ్బు మొత్తం కలిపి ఒక్క అంకె చేసి, 'వివిధ బాధ్యతలు' అనే పద్దులో పోశారు. డబ్బు వెళ్ళింది. పేర్లు వెళ్ళలేదు. ఆ పద్దులో పేర్లకు గడి లేదు.

లేయమ్మ ఒకసారి ఫోను కొనిపెట్టమంది. "ఎవరికి చేస్తావు?" అన్నాను. ఇది ఇక్కడ రాయనక్కరలేదు. రాశాను.

మేనేజరు కేదారేశ్వరరావు గారు మర్యాదస్తుడు. కుర్చీ చూపించాడు. పాస్‌బుక్కు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది పాత బ్యాంకుది. ఆ బ్యాంకు ఇప్పుడు లేదు."

"నా భార్య కూడా లేదు."

"నా సానుభూతి. చూడండి యాకోబు గారూ, మా సంస్థ ఈ బాధ్యతను ఎన్నడూ నిరాకరించలేదు. గుర్తించాం. గుర్తించి ఆస్తి అప్పుల పట్టికలో చూపించాం. అదిగో గోడ మీద."

గోడ మీద అద్దాల చట్రంలో ఒక కాగితం ఉంది. ఎడమవైపు బ్యాంకు ఇవ్వవలసినవి, కుడివైపు బ్యాంకుకు ఉన్నవి. ఎడమవైపు అన్నిటికన్నా కింద 'వివిధ బాధ్యతలు' అని ఉంది. పక్కన పెద్ద అంకె.

"ఆ అంకెలో మా లేయమ్మవి పద్నాలుగు వేల రెండు వందలు ఉన్నాయి," అన్నాను.

ఆయన చెయ్యి ఎత్తి ఆపాడు. "అక్కడే మీరు పొరబడుతున్నారు. వివిధం అంటే ఏమిటి? ఫలానా వారిది అని చెప్పలేనిది. ఇప్పుడు మీరొచ్చి ఫలానా లేయమ్మ గారిది అంటున్నారు. అలాగైతే అది వివిధం కాదు. వివిధం కానిది ఆ పద్దులో ఉండకూడదు. ఆ పద్దులో లేనిది మా దగ్గర ఇంకెక్కడా లేదు. లేని సొమ్మును నేను ఏ విధంగా చెల్లించగలను?"

"ఉందని ఇప్పుడే అన్నారు గదయ్యా."

"మీరు పేరు చెప్పనంతవరకు ఉంది."

నేను లేచి బయటికి వచ్చాను. అటెండరు మస్తాన్‌వలి వాకిట్లో బీడీ ఆర్పుతున్నాడు. వాళ్ళ నాన్న నాతో పాటు బ్యారన్ల దగ్గర పనిచేసినవాడు.

"పేరు చెప్పినావా మామా?" అన్నాడు.

"చెప్పాను."

"చెప్పమాకయ్యా సామీ! లోపలికి పోయి పేరు చెప్పినోళ్ళు ఇప్పటికి నలభై మంది. ఒక్కడికి రూపాయి రాలా."

"పేరు చెప్పకుండా ఎట్టా అడిగేదిరా?"

"అదేగా మా మేనేజరు కూడా ఆలోచించేది," అన్నాడు మస్తాన్‌వలి.

జనవరిలో సర్క్యులరు వచ్చింది. బ్యాంకు వాటాదారుల సభలో ఎవరో ముసలాయన లేచి, వివిధ బాధ్యతలంటే ఏమిటని ఛైర్మనును అడిగాడట. ఛైర్మను కాసేపు ఆలోచించి "రకరకాలు" అన్నాడట. సభలో నవ్వారట. ఆ నవ్వు ఛైర్మనుకు పడలేదు. ఇకమీదట సుభిక్ష బ్యాంకులో వివిధ బాధ్యతలు అర్థం కానివాడు ఒక్కడు కూడా ఉండకూడదని ఉత్తర్వు వేశాడు. ఆ నెల 'వివిధ బాధ్యతల అవగాహన మాసం' అయింది. ప్రతి శాఖా నూరుమంది ఖాతాదారులకు అర్థమయ్యేటట్టు చేయాలి. అర్థమైనవారికి పత్రం ఇవ్వాలి. పత్రం ఉన్నవారి అర్జీలే తీసుకోవాలి.

పొగాకు గ్రేడింగు షెడ్డులో క్లాసు పెట్టారు. నూరుమంది ఒకేచోట దొరికేది అక్కడే. ఆకు వేరుచేసే ఆడవాళ్ళను పని ఆపించి కూర్చోబెట్టారు. తలా ఒక పులిహోర పొట్లం ఇస్తామన్నారు. జోనల్ ఆఫీసు నుంచి ప్రణీత్ అనే కుర్ర ఆఫీసరు వచ్చాడు. మెడలో కార్డు, చేతిలో మైకు. తెర మీద రంగురంగుల బొమ్మలు వేశాడు.

"అమ్మలారా, బాధ్యత అంటే ఏమిటి?"

"అప్పు," అంది రాహేలు. ఆమె లేయమ్మ పక్కన కూర్చుని ఇరవై సీజన్లు ఆకు కట్టిన మనిషి.

"కాదమ్మా. అప్పు అనేది పాత దృక్పథం. బాధ్యత అంటే సమాజంతో సంస్థకు ఉన్న బంధం."

"మేం తీసుకుంటే అప్పు, మీరు తీసుకుంటే బంధమా సారూ?"

షెడ్డులో ఆడవాళ్ళు కొంగులు నోళ్ళకు అడ్డం పెట్టుకున్నారు.

"అంటే... రెండూ ఒకటి కాదమ్మా."

"మొన్న మీవోళ్ళొచ్చి మా గేదెను తోలుకపోయింది ఆ బంధం కోసమే అనుకుంటా," అంది రాహేలు. ఇంక ఆ షెడ్డులో మైకు వినబడలేదు.

కాస్త సద్దుమణిగాక ప్రణీత్ ఒక కట్ట కాగితాలు తీశాడు. హెడ్డాఫీసు పంపిన నిర్వచనం. రెండు పేజీలు. చదివాడు. 'నిర్దిష్ట శీర్షికలకు అనువర్తింపజేయ వీలుకాని, కాలానుగుణ సర్దుబాటుకు లోబడిన' అన్నచోట పులిహోర పొట్లాలు వచ్చాయి. అందరూ అటు తిరిగారు.

చివర పరీక్ష. ఎవరైనా సొంతమాటల్లో చెప్పాలి. ఎవరూ లేవలేదు. నాకు పత్రం కావాలి. లేచాను.

"ఎవరి దగ్గర తీసుకున్నారో మీకు గుర్తులేని అప్పు. తీసుకున్నట్టు మాత్రం గుర్తుంది," అన్నాను.

ప్రణీత్ నా వంక చూశాడు. తన రెండు పేజీలు చూసుకున్నాడు. మళ్ళీ నా వంక చూశాడు.

"ఇంకోసారి చెప్పండి తాతగారూ," అని నోటుపుస్తకంలో రాసుకున్నాడు.

నాకు మొదటి బహుమతి ఇచ్చారు. ఒక పత్రం, ఒక శాలువా, మూడు గిన్నెల స్టీలు క్యారియరు. ఫోటో తీశారు. నేను చదివింది ఐదో తరగతి. ఆ ఐదేళ్ళలో నాకు ఎవరూ ఏ బహుమతీ ఇవ్వలేదు.

మర్నాడు పత్రం, పాస్‌బుక్కు, అర్జీ పట్టుకుని మేనేజరు దగ్గరికి వెళ్ళాను. ఆయన పత్రాన్ని రెండు చేతులతో అందుకున్నాడు.

"మా శాఖకే గర్వకారణం. మీకు పూర్తిగా అర్థమైందని సంస్థ ధ్రువీకరించింది."

"అయితే అర్జీ తీసుకోండి."

ఆయన ముఖం వాడిపోయింది. "యాకోబు గారూ, మీరు ఈ మాట అంటారనుకోలేదు. వివిధ బాధ్యతలు అర్థమైనవారికి, వాటిని ఎందుకు చెల్లించలేమో కూడా అర్థమవుతుంది. అది అర్థమైనవారు అడగరు. మీరు అడుగుతున్నారు. అంటే మీకు అర్థం కాలేదు. అర్థం కానివారి అర్జీ స్వీకరించరాదని సర్క్యులరు."

"అర్థమైందని పత్రం మీరే ఇచ్చారు."

"ఇచ్చాం. అడగనంతవరకు అది చెల్లుతుంది."

"అడగకపోతే డబ్బులు ఎట్టా వస్తాయి?"

"చూశారా, మళ్ళీ అడుగుతున్నారు."

ఆ సాయంత్రం సంఘపెద్ద ఏసోబు మా ఇంటికి వచ్చాడు. అరుగు మీద కూర్చుని తువ్వాలు దులిపాడు. ఆ దులపడంలోనే తెలిసింది ఎందుకొచ్చాడో.

"యాకోబన్నా, ఏప్రిల్ పంతొమ్మిది దాటితే నా చేతిలో ఉండదు. చిన మరియమ్మ మంచం పట్టింది. ఆమె కొడుకు అప్పుడే చోటు చూసిపొయ్యాడు. తూరుపు వరసలో నాలుగోది బాగుందన్నాడంట."

నాలుగోది లేయమ్మది.

"మరియమ్మ ఇంకా బతికే ఉంది గదా," అన్నాను.

"బతికే ఉంది. చోటు మాత్రం చూసుకున్నారు. నేనేం చేసేది? అన్నా, రాయి నువ్వే వేయించరాదా? తక్కువైతే నేను సర్దుతా."

"ఆమె డబ్బే కావాలి."

"ఎవరి డబ్బయితే ఏంది? పైనుండే ఆయనకు తెలవదా?"

"ఆయనకు తెలుసు. బ్యాంకుకు తెలియదు."

ఏసోబు లేచి వెళ్ళిపోయాడు. నేను ఒక నిర్ణయానికి వచ్చాను. అడిగితే అర్థం కాలేదంటున్నారు. అడగకుండా కూర్చుందాం.

పొద్దున పదింటికి వెళ్ళి బ్యాంకులో మేనేజరు గదికి ఎదురుగా ఉన్న బెంచీ మీద కూర్చునేవాడిని. పాస్‌బుక్కు మోకాలి మీద పెట్టుకునేవాడిని. ఎవరినీ ఏమీ అడిగేవాడిని కాదు. నాలుగింటికి లేచి వచ్చేసేవాడిని. సిగ్గుపడి పిలుస్తారనుకున్నాను. మూడో రోజు మేనేజరు బయటికి వచ్చి నన్ను చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇదీ అవగాహన అంటే!" అన్నాడు.

వారం తిరిగేసరికి పక్క శాఖల మేనేజర్లు వచ్చారు నన్ను చూడటానికి.

"ఈయనకు పద్నాలుగు వేలు రావాలి. అడుగుతున్నాడా, చూడండి," అనేవాడు కేదారేశ్వరరావు గారు. వాళ్ళు చూసేవాళ్ళు. నేను వాళ్ళను చూసేవాడిని. ఒకాయన దగ్గరికి వచ్చి "ఏమీ అడగరా?" అన్నాడు. నేను మాట్లాడలేదు. "అద్భుతం," అని వెళ్ళిపోయాడు.

తరవాత నాలాగా వచ్చి పేరు చెప్పినవాళ్ళను ఇంకా పిలిపించి కూర్చోబెట్టారు. రాహేలుకు కూడా అందులో ఆరు వేలు ఉన్నాయి. ఆమె వచ్చి రెండు రోజులు కూర్చుంది.

"బావా, ఈడ కూసుంటే ఏమొస్తది?"

"తెలియదు."

"షెడ్డు కాడ కూసుంటే మూడు వందల కూలన్నా వస్తది," అని మూడో రోజు మానేసింది. మానేసినవాళ్ళను కూడా అర్థమైనవాళ్ళ కిందే రాసుకున్నారు. ఫిబ్రవరి మొదటి వారానికి మా శాఖలో అవగాహన నూటికి నూరు. అర్జీలు సున్నా. జోనులో ఇలాంటి శాఖ ఇంకొకటి లేదు.

జనరల్ మేనేజరు గారు స్వయంగా వస్తానన్నారు. శాఖ ముఖద్వారం పక్కన శిలాఫలకం పెట్టాలన్నారు. మాది రాళ్ళ సీమ. కొండలు కోసి రాయి ఓడల్లో పంపుతారు. వీరబ్రహ్మం అనే చెక్కుడుపనివాడు నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు నల్ల గ్రానైటు పలక తెచ్చాడు. ముఖం చూసుకోవచ్చు, అంత నునుపు. 'వివిధ బాధ్యతల అవగాహనలో సంపూర్ణత సాధించిన శాఖ' అని పైన, జనరల్ మేనేజరు పేరు మధ్యలో పెద్దగా, కేదారేశ్వరరావు గారి పేరు కింద. బంగారు రంగు పూశారు. ఇరవై రెండు వేలు.

ఆ ఇరవై రెండు వేలు ఏ పద్దులో రాయాలన్న ప్రశ్న వచ్చింది. అకౌంటెంటు సుభాషిణి గారు పుస్తకం పట్టుకుని మేనేజరు గది గుమ్మంలో నిలబడి అడిగింది. నేను బెంచీ మీదే ఉన్నాను.

"ఫర్నిచరు కింద రాయమంటారా సార్?"

"రాయి ఫర్నిచరా?"

"మరమ్మతుల కింద?"

"ఏం పగిలిందని?"

"మరి దేని కింద సార్? రాయికి మన దగ్గర పద్దే లేదు."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "ఆ రాయి దేనికోసం? వివిధ బాధ్యతల అవగాహన కోసం. కాబట్టి వివిధ బాధ్యతల్లోంచే తియ్యండి."

"అది జనం డబ్బు సార్!"

"ఏ జనం? ఒక్క పేరు చెప్పండి."

ఆమె పుస్తకంలో రాసుకుని వెళ్ళిపోయింది. ఆ పద్దులోంచి తియ్యమన్న మాట నేను విన్నాను. అప్పుడు నాకు కోపం వచ్చింది. ఆ మేనేజరు అన్నవాటిలో నాకు మేలు చేసిన మాట అదొక్కటేనని తరవాత తెలిసింది.

జనరల్ మేనేజరు రావలసిన రోజుకు ముందురోజు ఆయన్ని ఇంకో జోనుకు బదిలీ చేశారు. కట్టిన షామియానా విప్పారు. కొత్తాయన వచ్చాడు. కొత్తాయనకు బాధ్యతలనే మాటే గిట్టదట. సంస్థ ఎప్పుడూ అప్పుల గురించి మాట్లాడుకోవడం నిరాశావాదమన్నాడట. ఇకనుంచి అందరూ కుడివైపు చూడాలన్నాడట. వెంటనే 'ఆస్తుల అవగాహన మాసం' మొదలైంది. మళ్ళీ సర్క్యులరు. శాఖలో ఉన్న ప్రతి ఆస్తీ, గుండుసూది పెట్టెతో సహా, లెక్క రాయాలి. ఏప్రిల్ నెలాఖరులో తనిఖీ అధికారి వచ్చి ఒక్కొక్కదాన్నీ కంటితో చూసి, పేరు పైకి చదివి, టిక్కు పెడతాడు. అనుమతి లేని వస్తువు శాఖ ఆవరణలో కనిపిస్తే మేనేజరుదే పూచీ.

శిలాఫలకం మరుగుదొడ్డి పక్కన గోడకు చేరింది. బదిలీ అయిన మనిషి పేరున్న రాయిని పెట్టడానికి లేదు. ఇరవై రెండు వేల బ్యాంకు సొమ్మును పారెయ్యడానికి లేదు. మస్తాన్‌వలి దాన్ని పడుకోబెట్టి దాని మీద టీ గ్లాసులు కడుగుతుండేవాడు.

మార్చి ఆఖరివారంలో కేదారేశ్వరరావు గారు నన్ను గదిలోకి పిలిచాడు. కుర్చీ చూపించాడు. తలుపు తనే వేశాడు.

"యాకోబు గారూ, సంస్థకు మీ సహకారం కావాలి. ఆ రాయి... తాత్కాలికంగా... బయట ఒక భద్రమైన స్థలంలో ఉంటే బాగుంటుంది. మీరైతే ఏమీ అడగరు."

నేను ఏమీ అడగలేదు. కాగితం తీసుకుని రసీదు రాశాను. 'నల్ల రాయి ఒకటి, నాలుగడుగులు రెండడుగులు, బ్యాంకు తరఫున భద్రపరచడానికి తీసుకున్నాను. సమాధుల దొడ్డిలో తూర్పు వరస, నాలుగో చోట ఉంచుతాను. యాకోబు.' ఆయన చదవకుండానే సంతకం చేసి ముద్ర కొట్టాడు. అప్పటికి గుండుసూదులు లెక్కపెట్టిస్తున్నాడు.

మస్తాన్‌వలి, నేను రాయిని ట్రక్కు ఆటోలో వేసుకుని వీరబ్రహ్మం దగ్గరికి వెళ్ళాము. వాడు చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"ఇది నేను చెక్కిందే గదా పెద్దాయనా! మళ్ళీ ఏమొచ్చింది?"

"తిరగెయ్యి. రెండోవైపు చెక్కాలి."

"రెండోవైపు పాలిషు లేదు. గరుకుగా ఉంటది."

"ఉండనీ. ఆమె కూడా అంత నునుపు మనిషి కాదు."

"ఏం చెక్కాల?"

చెప్పాను. వాడు సుద్దముక్కతో రాసుకున్నాడు. "నీ పేరు ఏడ పెట్టేది?"

"వద్దు."

వాడు ఒకసారి తల ఎత్తి చూసి పనిలోకి దిగాడు. కూలికి నా డబ్బు ఇస్తే మాట తప్పినట్టు అవుతుంది. బ్యాంకు బహుమతి ఇచ్చిన శాలువా, క్యారియరు ఇచ్చాను. క్యారియరు మూత తీసి చూసుకుని సరేనన్నాడు.

సొంత డబ్బుతో అని చెక్కించడం న్యాయమేనా అని మీరు అడగవచ్చు. బ్యాంకు ఆ రాయిని వివిధ బాధ్యతల సొమ్ముతో కొన్నది. అందులో లేయమ్మవి పద్నాలుగు వేల రెండు వందలు ఉన్నాయి. ఎవరి డబ్బు రాయికి పోయిందో బ్యాంకు చెప్పలేదు. నేను చెప్పగలను. మిగతా ఏడు వేల ఎనిమిది వందలు ఎవరివో నాకు తెలియదు. రాహేలువి కొన్ని ఉండవచ్చు. అది నా వివిధ బాధ్యత.

ఏప్రిల్ ఆరున రాయి పరిచాము. జనరల్ మేనేజరు గారి పేరు మట్టివైపు. ఏసోబు ప్రార్థన చేశాడు. రాహేలు వచ్చి రాయి మీద చెయ్యి పెట్టి అక్షరాలు తడిమింది. ఆమెకు చదువు రాదు.

"ఏమని రాపిచ్చినావు బావా?"

"లేయమ్మ. సొంత డబ్బుతో."

"అంతేనా?"

"అంతే."

"అనుకున్నట్టే చేయించుకుంది," అంది రాహేలు.

నెలాఖరుకు తనిఖీ అధికారి పరంధామయ్య గారు వచ్చాడు. పెద్ద పుస్తకం, మెడలో తాడుకు కట్టిన కలం. ఆయన వెనక కేదారేశ్వరరావు గారు, ఆ వెనక టేపు పట్టుకుని మస్తాన్‌వలి. పుస్తకంలో రాయి కొన్న ఇరవై రెండు వేలు కనబడి, ఆ రాయి చూపించమని తనిఖీ అధికారి అడిగాడట. నేరుగా మా ఇంటికి వచ్చారు.

"రాయి ఎక్కడ?" అన్నాడు మేనేజరు.

"రసీదులో ఉంది."

అప్పుడు చదివాడు. ఆయన ముఖంలో రంగు మారడం చూశాను. చూడవలసిందే.

సమాధుల దొడ్డికి నడిచాము. ఏసోబు గేటు తీసి పట్టుకున్నాడు. పరంధామయ్య గారు రాయి చుట్టూ ఒకసారి తిరిగాడు. మస్తాన్‌వలి టేపు పెట్టి "నాలుగు, రెండు, సార్," అన్నాడు.

"కొలత సరిపోయింది. కానీ ఇది సంస్థ రాయి అనడానికి ఆధారం?"

"మీ వాళ్ళ పేర్లు అడుగున ఉన్నాయి," అన్నాను. "తిరగేసి చూసుకోవచ్చు."

"తిరగెయ్యాలంటే సంఘం తీర్మానం కావాలయ్యా," అన్నాడు ఏసోబు. "సంఘం మళ్ళీ క్రిస్మస్‌కు గాని కూసోదు. పైగా కింద మడిసి ఉంది."

కేదారేశ్వరరావు గారు నా దగ్గరగా వచ్చి పళ్ళు బిగించి, "మిమ్మల్ని నమ్మి ఇచ్చాను," అన్నాడు.

"లేయమ్మ కూడా నమ్మే ఇచ్చింది," అన్నాను.

పరంధామయ్య గారు మా మాటలు పట్టించుకోలేదు. ఆయన తన నియమాలు వల్లె వేసుకుంటున్నాడు. "ఆస్తి ఉన్నదా? ఉన్నది. కొలతలు సరిపోయినవా? సరిపోయినవి. స్థానం రసీదులో చెప్పినదేనా? అదే. దొంగిలింపబడే అవకాశం?" అని రాయిని కాలితో తట్టబోయి ఆగాడు. "లేదు. ఇంత భద్రంగా ఉన్న ఆస్తిని ఈ జోనులో నేను చూడలేదు. గుర్తింపు చిహ్నం ఏమిటి?"

వంగి పైకి చదివాడు. "లేయమ్మ. సొంత డబ్బుతో."

మేనేజరు వైపు తిరిగాడు. "ఎవరీ లేయమ్మ?"

కేదారేశ్వరరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "వివిధం సార్," అన్నాడు.

"అలాగే రాస్తున్నాను," అన్నాడు పరంధామయ్య గారు. 'ఇతర ఆస్తులు, వివిధం. రాయి ఒకటి. గుర్తు: లేయమ్మ.' ఆ పద్దులో గుర్తుకు గడి ఉంది. కుడివైపు పేజీలో, ఇనప్పెట్టెకు, గోడగడియారానికి కింద, నా భార్య పేరు సుభిక్ష బ్యాంకు పుస్తకాల్లోకి ఎక్కింది. ఎడమవైపు అంకెలో ఆమె ఇప్పటికీ లేదు.

జూన్‌లో నాకు ఉత్తరం వచ్చింది. బ్యాంకు ఆస్తిని భద్రపరుస్తున్నందుకు సంవత్సరానికి అరవై రూపాయలు ప్రతిఫలం మంజూరు చేశామని, నాకు మొబైలు నంబరు లేనందువల్ల ఆ సొమ్మును వివిధ బాధ్యతల పద్దులో జమ చేశామని అందులో ఉంది. మస్తాన్‌వలి చదివి పొట్ట పట్టుకుని నవ్వాడు.

"నువ్వూ పొయ్యావా మామా అందులోకి!"

"లేయమ్మ పక్కనే గదా," అన్నాను.

ఇది జరిగి మూడేళ్ళయింది. కేదారేశ్వరరావు గారికి ప్రమోషను వచ్చి వెళ్ళిపోయాడు. చిన మరియమ్మ లేచి తిరుగుతోంది. ఏటా ఏప్రిల్ నెలాఖరున ఎవరో ఒక ఆఫీసరు పుస్తకం పట్టుకుని ఎండలో సమాధుల దొడ్డికి వస్తాడు. రాయి ముందు నిలబడి రూలు ప్రకారం పేరు పైకి చదువుతాడు.

"లేయమ్మ."

"ఉంది సార్," అంటాడు మస్తాన్‌వలి.

టిక్కు పెట్టుకుని వెళ్ళిపోతారు. నేను గేటు దగ్గర నిలబడి వింటాను. పద్నాలుగు వేల రెండు వందలు ఇంకా రాలేదు. అడగడానికి నేను వెళ్ళలేదు. ఫోను కొనుక్కోమని అందరూ చెప్పారు. కొనలేదు, కొనను. ఎందుకని నన్ను అడగవద్దు. ఈ సంగతి చెప్పడం ఇదే మొదలు, ఇదే ఆఖరు. ఇక దీని గురించి నేను ఎవరితోనూ మాట్లాడను.